నాలుగో నంబరు ప్రెస్సు బటన్లు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొత్తంలో కంప్యూటర్ ఆటలకు సొంతంగా కంట్రోలరు తయారు చేసిన మొదటి మనిషిని నేనే. ఈ మాట కిష్టారెడ్డిపేటలో మా అపార్టుమెంటు లిఫ్టులో చాలామందితో అన్నాను. పదిహేడు తయారు చేశానని, జపాను నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన నా పనితనం చూసి వంగి నమస్కారం పెట్టాడని కూడా చెప్పాను. తయారు చేసింది ఒకటే. జపాను ఇంజనీరు మా ఫ్యాక్టరీకి వచ్చిన మాట నిజమే కాని, ఆయన వంగింది బూటు లేసు కట్టుకోవడానికి.

మా పై అంతస్తులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకతను ఉన్నాడు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన గేములన్నీ ఇప్పుడు లాప్‌టాప్‌లో ఆడతాడట. “ఏ కంట్రోలర్ కొంటే మంచిది అంకుల్, మీకు తెలియంది లేదు కదా” అన్నాడు. ఒక పేజీ రాసిస్తానన్నాను. కూర్చున్నాక పేజీతో తెమిలేటట్టు లేదని అర్థమైంది. కంట్రోలర్ల సంగతి ఇందులో ఉంటుంది. లిఫ్టులో చెప్పనిది కూడా ఉంటుంది.

నేను చేసింది ఫ్యాన్లకూ మోటార్లకూ రేకు మూతలు కొట్టే ఫ్యాక్టరీలో, మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా. ఇంజనీరునని కొందరితో అన్నాను గాని, నా దగ్గర ఉన్నది ఒక ఐటీఐ సర్టిఫికెట్టు, ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లయరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా షాపులో, అంటే రేకులు కొట్టే విభాగంలో, ఆరు పవర్ ప్రెస్సులు ఉండేవి. ఒక్కో ప్రెస్సు ముందు రెండు పెద్ద పచ్చ బటన్లు ఉంటాయి, పుట్టగొడుగు గొడుగుల్లాగా. రేకును అచ్చు మీద పెట్టి, రెండింటినీ రెండు అరచేతులతో కలిపి నొక్కితేనే పైనుంచి బరువు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నప్పుడు లోపల ఏ చెయ్యీ ఉండదు. ఆ యంత్రానికి ఉన్న తెలివంతా అదే.

నాలుగో నంబరు ప్రెస్సు మీద పనిచేసే ఆయనది కర్దనూరు. సొంత పొలం ఉన్న ఇంటివాడు, పదేళ్లుగా ఫ్యాక్టరీలో ఉన్నాడు. నాకంటే చాలా చిన్న. నేను తమ్మి అనేవాణ్ణి, ఆయన అన్నా అనేవాడు. షాపులో అందరికంటే వేగం ఆయనదే. దానికి ఒక కిటుకు ఉండేది. కుడిచేత్తో రేకు సర్దుతూనే, ఎడమ అరచేతిని ముందే ఎడమ బటను మీద వాల్చి నొక్కి ఉంచేవాడు. రేకు కుదిరిందా, కుడిచెయ్యి వచ్చి కుడి బటను మీద పడేది. అర క్షణం మిగిలేది. రెండో బటను పడనిదే ప్రెస్సు దిగదు కనుక అందులో ప్రమాదం ఏమీ లేదు.

అదే చేతి చురుకు ఆటలోనూ ఉండేది. హాజరు రాసే టైమాఫీసు గుమాస్తా అక్కడి కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం వేశాడు. ఎమ్యులేటర్ అంటారు. పాత టీవీ గేముల డబ్బా లేకుండానే కంప్యూటరే ఆ డబ్బా వేషం కడుతుంది. భోజనాల గంటలో మేమంతా దాని చుట్టూ చేరేవాళ్లం. తెర మీద ఒక పొట్టివాడు పరుగెత్తుతాడు, గుంతలు దూకుతాడు, ఎదురొచ్చిన వాళ్లను కాలుస్తాడు. తమ్మి చిన్నప్పుడు పటాన్‌చెరు బస్టాండు వెనక వీడియోగేముల దుకాణంలో బడి ఎగ్గొట్టి నేర్చుకున్న విద్య అది. అన్నం తింటూ, తల తిప్పి మాట్లాడుతూ కూడా ఆడేవాడు. నా వంతు వస్తే మొదటి గుంతలోనే పడేవాణ్ణి.

“ఏందన్నా, మూడుసార్లు గదే గుంతల పడ్తవ్. అండ్ల ఏమన్న దాసిపెట్టినవా?” అనేవాడు.

ఇంక ఆ రోజు సంగతి.

ఆ వారమంతా నాలుగో నంబరు కుడి బటను సరిగా పట్టడం లేదు. రెండు మూడుసార్లు కొడితే గాని ప్రెస్సు దిగేది కాదు. తమ్మి నాకు రెండుసార్లు చెప్పాడు. ఆ రోజు నాది మొదటి షిఫ్టు, ఆయనది రెండోది. మొదటి షిఫ్టు ఇంకో పావుగంటలో అయిపోతుందనగా వెళ్లి, ప్రెస్సు తీగలన్నీ ఉండే ప్యానెల్ పెట్టె తెరిచాను. తప్పు బటనుదో లోపలి తీగదో తేల్చుకోవడానికి, కుడి బటను తాలూకు రెండు కొసలను జానెడు ఎర్ర వైరుతో కలిపాను. అంటే యంత్రం దృష్టిలో కుడి బటను ఎప్పుడూ నొక్కే ఉన్నట్టు. ప్రెస్సు చక్కగా దిగింది. తప్పు బటను కాంటాక్టుదే, నొక్కితే కరెంటు కలిపే ముక్కదే అని తేలింది. కొత్త కాంటాక్టు స్టోర్సులో తీసుకుని వేస్తే పది నిమిషాల పని. అలా వైరు వేసినప్పుడు ప్యానెల్‌కు ఎర్ర చీటీ తగిలించి, రిజిస్టరులో రాయాలి. అది మా పద్ధతి.

అప్పుడే షిఫ్టు మారే సైరన్ కూసింది. రెండో సెక్షన్లో ఏదో పెద్ద బ్రేక్‌డౌన్ వచ్చి పరుగెత్తానని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అలాంటిదేమీ లేదు. ఆ రోజు కాంటీన్లో గుడ్డు పులుసు. ఆలస్యంగా పోయినవాళ్లకు పులుసే మిగిలేది. ప్యానెల్ తలుపు మూసి గుడ్డు కోసం పోయాను. తినివచ్చి మారుస్తాను కదా అనుకున్నాను.

కంచం ముందు కూర్చున్నానో లేదో షాపులోనుంచి కేక వినిపించింది. తమ్మి వచ్చి మొదటి రేకు పెట్టాడు. అలవాటుగా ఎడమ అరచెయ్యి ఎడమ బటను మీద వాల్చి నొక్కాడు. కుడిచెయ్యి ఇంకా లోపలే ఉంది. ప్రెస్సు దిగింది. బొటనవేలు తప్ప కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి.

ఆయన్ను జీపులో ఎక్కిస్తుండగా సూపర్‌వైజరు నన్ను కరెంటు తీసెయ్యమన్నాడు. ప్యానెల్ దగ్గరికి పోయాను. మెయిన్ ఆపాను. తలుపు తెరిచి, ఎర్ర వైరు పీకి జేబులో పెట్టుకున్నాను. ఆలోచించి చేశానని అనలేను. ఆలోచించకుండా చేశానని కూడా అనలేను. మర్నాడు డ్యూటీకి వస్తూ నక్కవాగు వంతెన మీద సైకిలు ఆపి, దాన్ని కిందికి విసిరేశాను.

విచారణ జరిగింది. ప్యానెల్లో ఏ లోపమూ కనబడలేదు. తమ్మి టూల్ బాక్సులో ఒక చెక్క ముక్క దొరికింది. రేకులు సర్దడానికి ప్రతి ఆపరేటరు దగ్గరా అలాంటి చెక్క ఉంటుంది. తొందర పని ఉన్నప్పుడు కొందరు ఆ చెక్కను బటను సందులో ఇరికించి ఒంటిచేత్తో నడిపే మాట కూడా నిజమే. తమ్మి అలాగే చేశాడని తేల్చారు. తప్పు ఆపరేటరుదే కనుక ఫ్యాక్టరీలో ఇంకే పనీ ఇవ్వలేమన్నారు, గేటు దగ్గర కూర్చునే పని కూడా. ఆ కాగితం చదువుతున్నప్పుడు నేను ఆ గదిలోనే గోడకు ఆనుకుని ఉన్నాను.

నెల తర్వాత కర్దనూరు పోయాను. చెయ్యి మీద తువ్వాల కప్పుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“నాకు యాదికి లేదన్నా. మొదటి రేకు పెట్టిన. గంతే యాది. చెక్క పెట్టిన్నేమో మరి. అందరు అంటున్నరు గద” అన్నాడు.

ఆయన భార్య గడపలో నిలబడి ఉంది. “పెట్టినవ్ కాబట్టే గిట్లయింది. గంత ఆగం దేనికి నీకు” అంది. తర్వాత నాతో వాకిట్లో మెల్లగా, “ఆ తువ్వాల నా ముంగట గూడ తియ్యడన్నా. ఉత్తగ గోడ దిక్కు సూస్తడు” అంది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికే పోయాను కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట. “తమ్మి, టైమాఫీసుల పాత కంప్యూటర్లు తీసేస్తున్నరు. నీకోటి తెస్త. గేమ్ ఆడుదువు” అన్నాను.

ఆ కంప్యూటరు నాకు లాటరీలో వచ్చిందని అందరితో చెప్పాను. గుమాస్తా కాళ్లావేళ్లా పడి తెచ్చాను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కర్దనూరు చేర్చాను. ఇక్కణ్ణుంచి, పై అంతస్తు మిత్రమా, నువ్వు అడిగిన విషయం మొదలవుతుంది.

మొదట కీబోర్డు. కీలు మనకు అనువుగా మార్చుకోవచ్చు కనుక, అన్నీ ఎడమచేతి కిందికే తెచ్చాను. పరుగు, దూకుడు, కాల్పు మూడూ కలిపి నొక్కాల్సి వస్తే ఆ కీబోర్డు ఒకదాన్ని మింగేసేది. మామూలు కీబోర్డులు చాలావరకు అంతే, లోపలి తీగల అల్లికే అలా ఉంటుంది. పైగా ఒక్క చేతికి అది మోయలేని పని. తమ్మి రెండు ఆటలు ఆడి పక్కకు నెట్టేశాడు.

తర్వాత కోఠీలో గేమ్‌ప్యాడ్ కొన్నాను. రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో ఆడేది. బొటనవేలు ఉంది కదా, చాలు అనుకున్నాను. తువ్వాల చుట్టిన చేత్తోనే పట్టుకోబోయాడు. ప్యాడ్ జారి ఒళ్లో పడింది. మళ్లీ పట్టాడు. మళ్లీ పడింది. మూడోసారి నేలమీద పడితే తీయలేదు.

“అన్నా, ఒత్తేది బొటనేలే గని, మోసేది కడమ నాలుగు” అన్నాడు.

ముప్పై ఏళ్లు చేతులతో పనిచేసిన నాకు ఆ ముక్క అంతకు ముందు తెలియదు.

మూడోది విమానాల ఆటకు వాడే జాయ్‌స్టిక్. కింద రబ్బరు కప్పులుంటాయి, బల్లకు అతుక్కుంటుంది, మోసే పని లేదు. కాని ఆ కర్ర వదిలాక సరిగ్గా మధ్యకు రాదు. మనం ముట్టుకోకపోయినా తెరమీది పొట్టివాడు తనంతట తాను నడుచుకుంటూ పోయి గుంతలో పడేవాడు. తమ్మి చాన్నాళ్ల తర్వాత నవ్వాడు.

“వీడు అచ్చం నీ లెక్కనే ఉన్నడన్నా. ఎవ్వలు జెప్పకుండనే గుంతల పడ్తడు.”

గడపలో ఆయన భార్య కూడా నవ్వింది. నాకు ఆ నవ్వు మత్తులా ఎక్కింది. ఈసారి నేనే తయారు చేస్తానని నిశ్చయించుకున్నాను. ఆయనకు సరిపోయేది చేసి ఇస్తే, నా జేబులోని వైరు బరువు కొంత దిగుతుందని కాబోలు నా లెక్క. వైరు అప్పటికే నక్కవాగులో పడి చాలా నెలలైంది. బరువు జేబులోనే ఉంది.

ఒక పాత కీబోర్డు విప్పాను. లోపల అరచేయంత సర్క్యూటు పలక ఉంటుంది. ఏ రెండు కొసలు కలిపితే ఏ అక్షరం పడుతుందో మీటరుతో వెతికి పట్టుకున్నాను. ఆ కొసలకు ఏ బటన్లు తగిలించినా కంప్యూటరు వాటిని కీలే అనుకుంటుంది. మూడు కలిపి నొక్కినా మింగని జతలు చూసి ఎంచుకున్నాను. వెడల్పాటి టేకు పలక మీద ఎడమ పక్క నాలుగు చిన్న బటన్లు, నాలుగు దిక్కులకు. కుడి పక్క దూకడానికి ఒకటి, కాల్చడానికి ఒకటి. ఆ రెండూ వేళ్లతో పనిలేకుండా అరచేత్తో కొట్టేవై ఉండాలి. అరచేత్తో కొట్టే బటన్లు నాకు తెలిసినవి ఒకటే రకం.

బాలానగర్లో కొత్తవి కొన్నానని తర్వాత చెప్పాను. కొనలేదు. ప్రమాదం తర్వాత నాలుగో నంబరుకు ప్యానెలంతా మార్చారు. పాత బటన్లు రెండూ మా స్క్రాపు డబ్బాలో ఉండేవి. అవే తీశాను. గట్టి సరుకు, ఎన్నేళ్లు కొట్టినా చావవు అని మురిసిపోతూ తీశాను. కుడి బటనుకు కాంటాక్టు పోయిందని తెలుసు కనుక కొత్తది వేశాను. పది నిమిషాలు పట్టింది. అది చేస్తున్నప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదంటే నువ్వు నమ్మవు. పనిలో పడితే నేనంతే. పాలిష్ గుడ్డతో రెండు గొడుగులూ మెరిసేటట్టు తుడిచాను.

ఆదివారం మధ్యాహ్నం పలక తీసుకుపోయాను. బల్లమీద పెట్టి, కంప్యూటరుకు తగిలించి, “సూడు తమ్మి” అన్నాను. ఆయన భార్య చాయ్ తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

తమ్మి పలక వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాల తీసి మంచం మీద పెట్టాడు. ఆ చెయ్యి నేను మొదటిసారి చూడడం అదే. అరచేతిని తెచ్చి కుడి పక్క పచ్చ బటను మీద వాల్చాడు. నొక్కలేదు, ఊరికే ఉంచాడు. కాసేపటికి నొక్కాడు. తెర మీద పొట్టివాడు దూకాడు. మొదటి గుంత దాటాడు. రెండోది, మూడోది. వెనకటి లాగే. నేను చాయ్ గ్లాసు ఎత్తి సగం తాగాను, గొప్ప పని చేసినవాడిలాగా.

ఆట మధ్యలో చెయ్యి తీసేశాడు. పొట్టివాడు అలాగే నిలబడిపోయాడు.

“ఇది నాల్గో నంబరుది గద అన్నా.”

“కాదు తమ్మి, కొత్తయి. బాలానగర్ల కొన్న.”

“కొత్తదాని మీద నా ఉంగరం గీత యాడికెల్లి వచ్చింది?”

చూశాను. గొడుగు అంచున సన్నటి గీతలు, పక్కపక్కనే. ఏళ్ల తరబడి ఒకేచోట ఉంగరం రాసుకున్న గీతలు. ఆ ఉంగరమూ లేదు, ఆ వేలూ లేదు. నా పాలిష్‌కు అవి ఇంకా బాగా తేలాయి.

“అవు, దానిదే” అన్నాను.

“ఆ వారమంత కుడిది పట్టకుండె. నీకు జెప్పిన. ఇప్పుడు మస్తు పడ్తున్నది. ఎప్పుడు మార్చినవ్?”

“నిన్న.”

“నిన్ననా.” బొటనవేలితో గీతలు తడిమాడు. “మరి ఆ దినం ప్యానెల్ దగ్గర నువ్వే ఉంటివని మొదటి షిఫ్టు ఆయన జెప్పిండు. ఆ దినం ఏం చేసినవ్?”

ప్రెస్సు ఆపరేటరు అడిగే ప్రశ్న అది. మేనేజర్లు ఎవరూ అడగలేదు.

“వైరు వేసిన తమ్మి. కుడిదానికి. పరీక్ష కోసం. తియ్యలె. సైరన్ అయితే తినపోయిన. తర్వాత కరెంటు బంద్ చేయమంటే పోయి పీకేసిన.”

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

“గట్లయితె చెక్క నేను పెట్టలె.”

“పెట్టలె.”

“నిజంగ?”

“నిజంగ తమ్మి. నువ్వేం పెట్టలె.”

లోపలికి చూసి భార్యను పిలిచాడు. ఆమె గడపలోకి వచ్చింది. “ఇన్నవా? నేను చెక్క పెట్టలేదంట. అన్ననే అంటున్నడు” అన్నాడు. పరీక్ష పాసైన సంగతి ఇంట్లో చెబుతున్నట్టుంది ఆ గొంతు. అది నేను మరిచిపోలేకపోతున్నాను.

ఆమె నావైపు తిరిగింది. “నీకు ఎప్పటిసంది ఎరుక అన్నా?”

“ఆ దినం నుంచే చెల్లె.”

ఆమె నా ముందు సగం మిగిలిన చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

“ఫ్యాక్టరీల జెప్తవా?” అన్నాడు తమ్మి.

“జెప్త.”

“నోటితోని గాదు. రాసియ్యి.”

సోమవారం మేనేజరు గదిలోకి నేరుగా పోయి బల్ల గుద్ది చెప్పానని రాద్దామని ఇప్పుడే పెన్ను ఎత్తాను. దించేశాను. నేను పోయింది సూపర్‌వైజరు దగ్గరికి. ఆయన అంతా విన్నాడు.

“వైరేది?” అన్నాడు.

“పారేసిన సార్.”

“ఎవరన్న చూసిండ్రా?”

“లేదు సార్.”

“ఫైలు క్లోజ్ అయింది. ఇప్పుడు నువ్వు రాస్తే ఆయనకు వేళ్లొస్తయా? నీ నౌకరి పోతది. పిల్లలు ఇంక చదువుతనే ఉన్నరు గద.” సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్లమీద పెట్టాడు. “ఇగో. రాస్తనంటే ఈడనే కూసొని రాయి. నేను ఆపను.”

ఆపితే బాగుండేది. ఆయన మీద కోపం పెట్టుకుని బతికేవాణ్ణి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో కూర్చుని రాస్తానని చెప్పి వచ్చాను. కొన్నాళ్ల తర్వాత చూస్తే దాని మీద మా ఆవిడ కూరగాయల చీటీ రాసి ఉంది.

మళ్లీ కర్దనూరు పోలేదు. ఒకసారి పటాన్‌చెరు సంతలో తమ్మి దూరంగా కనిపించాడు. చేతి మీద తువ్వాల లేదు. అందరూ చూస్తుండగా ఆ చేత్తోనే సంచీ భుజాన వేసుకుంటున్నాడు. నేను చెరకు రసం బండి వెనక్కి తప్పుకున్నాను. రిటైరైన రోజు నాకు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. చాలా జాగ్రత్త గల మనిషి అని మాట్లాడారు.

రెండు వారాల కింద మా అపార్టుమెంటు వాచ్‌మెన్, ఎవరో వచ్చారని ఫోన్ చేశాడు. కిందికి పోతే తమ్మి భార్య. జుట్టంతా నెరిసింది. చేతిలో సిమెంటు సంచీలో చుట్టిన పలక. తమ్మి జబ్బుచేసి పోయాడట, నెల దాటిందట.

“నీ వస్తువు నీకిచ్చిపోదామని వచ్చిన” అంది.

సంచీ విప్పాను. ఎడమ పక్క నాలుగు చిన్న బటన్లు ఉన్నాయి. కుడి పక్క ఒక పచ్చ బటను ఉంది. రెండోదాని చోట గుండ్రటి రంధ్రం, కింద తెగిన రెండు తీగలు.

“అది ఆయన తీసి పెట్టుకున్నడు. ఇంటికి ఎవ్వలొచ్చినా సూపెట్టేటోడు. ఇగో నా ఉంగరం గీత, నేను చెక్క పెట్టలే, ఎలక్ట్రీషియన్ అన్ననే జెప్పిండు అని. మరి ఆయన రాసిచ్చిండా అని అడిగేటోళ్లు. రాస్తడు, జెర పెద్ద మనిషి, టైం పడ్తది అనేటోడు.”

నేను నేల చూపులు చూస్తున్నాను. “ఆ బటను?” అన్నాను.

“అది నేనియ్య” అంది. చాయ్ తాగిపొమ్మన్నాను. తాగనంది.

పై అంతస్తు మిత్రమా, నీ ప్రశ్నకు జవాబు ఇది. కంట్రోలరు కొనేటప్పుడు ఒత్తే వేలి గురించే చూడకు. మోసే వేళ్లు చూసుకో. మిగతాది దుకాణంవాడు చెబుతాడు. పదిహేడు తయారు చేశానన్న మాట కొట్టెయ్యి.

ఇక మా మెయింటెనెన్స్ రిజిస్టరులో ఆ రోజు నేను రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఆ చెల్లెకు ఒక ప్రతి రేపు నేనే కర్దనూరు తీసుకుపోయి ఇస్తాను.

నాలుగో నంబరు ప్రెస్సు. మొదటి షిఫ్టు ఆఖరున కుడి బటను కాంటాక్టు లూజు. పరీక్ష కోసం ఎర్ర వైరు వేయడమైనది. వైరు తీయలేదు. చీటీ తగిలించలేదు. రెండో షిఫ్టు ఆపరేటరుకు చెప్పలేదు. ఆపరేటరు ఏ చెక్కా పెట్టలేదు.